ఇంట్లోకి దొంగ చొరబడితే ఎంతవరకు కొట్టవచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

దొంగను కొడితే కేసు మన మీదే పడుతుందని భయపడేవాళ్లు ఉన్నారు. ఇంట్లోకి వచ్చినవాడిని ఏం చేసినా చట్టం ఏమీ అనదని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, అందుకే రెండూ ప్రమాదమే. ఇక్కడ చెప్పేదంతా భారతదేశ చట్టం గురించి. 2024 జులై 1 నుంచి పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) వచ్చింది. ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు ఇప్పుడు 34 నుంచి 44 వరకు ఉన్నాయి. నంబర్లు మారాయి గానీ సారం దాదాపు పాతదే. కాబట్టి సుప్రీంకోర్టు పాత తీర్పులు ఇప్పటికీ పనికొస్తాయి.

అసలు దొంగ మీద చెయ్యి చేసుకునే హక్కు నాకు ఉందా?

ఉంది. ఆత్మరక్షణ హక్కును వాడుకుంటూ చేసిన ఏ పనీ నేరం కాదని సెక్షన్ 34 ఒక్క వాక్యంలో తేల్చేసింది. శిక్ష తగ్గిస్తామనో, చూసీచూడనట్టు వదిలేస్తామనో కాదు, అసలు నేరమే కాదంటోంది.

ఎవరికోసం వాడుకోవచ్చో సెక్షన్ 35 చెబుతుంది. మీ ప్రాణం, మీ ఒళ్లు, మీ ఆస్తి మాత్రమే కాదు, ఇంకెవరివైనా సరే. ఆస్తి విషయంలో దొంగతనం, దోపిడీ, ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం, వీటికి జరిగే ప్రయత్నం కూడా ఇందులోకి వస్తాయి. అంటే పక్క ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ కేకలు విని మీరు కర్ర పట్టుకుని వెళ్లినా ఈ హక్కు మీకు ఉంటుంది.

మరి ఎంతవరకు కొట్టవచ్చు? ఒక లెక్కంటూ ఉందా?

లెక్క ఒక్కటే: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. సెక్షన్ 37(2) ఈ మాటే అంటుంది. మిగతా సెక్షన్లన్నీ దీనికి లోబడే ఉంటాయి.

ఈ చట్టంలో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇదే. వాడు దొంగా కాదా, మంచివాడా చెడ్డవాడా, పాత కేసులెన్ని ఉన్నాయి అన్నది కోర్టుకు అసలు ప్రశ్న కాదు. మీరు కొట్టిన ఆ క్షణంలో మీకు ఏ ప్రమాదం ఉంది, దాన్ని ఆపడానికి ఆ దెబ్బ అవసరమైందా అన్నదే ప్రశ్న. ప్రమాదం ఉన్నంతసేపే హక్కు. అది తీరిపోయాక పడే ప్రతి దెబ్బ శిక్ష కిందికి వస్తుంది, శిక్ష వేసే అధికారం ఇంటి యజమానికి లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రాత్రి రెండున్నరకు వంటింటి కిటికీ గ్రిల్ స్క్రూలు విప్పి ఒకడు సగం లోపలికి దూరాడు. మీరు అలికిడికి లేచి వెళ్లి, గ్రిల్ పట్టుకున్న చేతి మీద కర్రతో కొట్టారు. వాడు లోపలే పడ్డాడు. లేస్తూ స్క్రూడ్రైవర్‌తో మీ పొట్ట మీదకు వచ్చాడు. మీరు తల మీద కొట్టారు, వాడు స్పృహ తప్పాడు. అప్పుడు పక్క గదిలోంచి మీ బావమరిది వచ్చి, విషయం తెలిసి, కోపం పట్టలేక పడున్నవాడిని రాడ్డుతో నాలుగు బాదాడు. మీరు కొట్టిన రెండు దెబ్బలకూ చట్టం రక్షణ ఉంది, తల పగిలినా సరే. మీ బావమరిది కొట్టిన నాలుగింటిలో ఒక్కదానికీ లేదు.

ఆ టెన్షన్‌లో ఎంత గట్టిగా కొట్టాలో ఎవరు చూసుకుంటారు?

కోర్టులు కూడా ఈ మాటే అన్నాయి. 1952లో అమ్జద్ ఖాన్ కేసులో, ఇలాంటివాటిని మరీ సన్నని త్రాసులో తూచకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ వర్సెస్ పంజాబ్ కేసులో ఆత్మరక్షణకు సంబంధించిన సూత్రాలన్నీ ఒకచోట గుదిగుచ్చింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి అంగుళాల లెక్కన కొలిచి దెబ్బ వేస్తాడని ఆశించకూడదన్నది వాటిలో ఒకటి. నిజంగా ప్రమాదం ఉందా అన్నది కూడా తర్వాతి సంగతే, ఆ స్థితిలో ఉన్న మామూలు మనిషికి ప్రమాదం ఉందని అనిపించడానికి తగిన కారణం ఉంటే చాలు. వాడి జేబులో ఉన్నది నిజం తుపాకీ కాదు, బొమ్మ తుపాకీ అని తెల్లారాక తేలినా మీ హక్కు వెనక్కి పోదు.

కాబట్టి ఒక దెబ్బ ఎక్కువైందని జైలుకు పంపే చట్టం కాదిది. అవసరానికీ దెబ్బకూ పొంతనే లేనప్పుడు మాత్రమే ఇబ్బంది.

ఏ సందర్భంలో దొంగ ప్రాణం పోయినా నేరం కాదు?

రెండు జాబితాలు ఉన్నాయి. శరీర రక్షణకు సెక్షన్ 38, ఆస్తి రక్షణకు సెక్షన్ 41.

సెక్షన్ 38 కింద, వాడి దాడి వల్ల చావు తప్పదనో, తీవ్ర గాయం తప్పదనో భయపడేందుకు తగిన కారణం ఉండాలి. లేదా ఆ దాడి అత్యాచారం కోసమో, ఎత్తుకుపోవడానికో జరుగుతూ ఉండాలి. యాసిడ్ పోయడం, పోయబోవడం కూడా ఈ జాబితాలో ఉంది. ఇక్కడ తీవ్ర గాయం అంటే ఏమిటో తెలిస్తే చట్టం మీ వైపు ఎంత ఉదారంగా ఉందో అర్థమవుతుంది. సెక్షన్ 116 ప్రకారం ఎముక విరిగినా, పన్ను ఊడినా, కన్నో చెవో పోయినా, 15 రోజులపాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా అది తీవ్ర గాయమే. ఇనుప రాడ్డు ఎత్తి మీద మీదకు వచ్చేవాడి వల్ల ఎముక విరుగుతుందని భయపడటంలో తప్పేముంది?

సెక్షన్ 41 ఆస్తికి సంబంధించింది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు జరిగే హౌస్ బ్రేకింగ్ (అంటే ఏమిటో కింద ఉంది), మనుషులుండే ఇంటికి గానీ సామాను దాచే చోటుకు గానీ నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థం వాడటం. ఇవి కాక, మామూలు దొంగతనమైనా, అక్రమ ప్రవేశమైనా, అడ్డుకోకపోతే చావో తీవ్ర గాయమో తప్పదనిపించే పరిస్థితి ఉంటే అదీ.

ఈ రెండు జాబితాల్లోకీ రాని సందర్భాల్లోనూ హక్కు ఉంటుంది. కానీ కావాలని ప్రాణం తీయడం దాకా పోదు. పట్టపగలు తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి సెల్‌ఫోన్ పట్టుకుపోతున్నవాడిని ఆపవచ్చు, లాక్కోవచ్చు, పెనుగులాడవచ్చు. కత్తితో పొడవకూడదు.

రాత్రికీ పగటికీ ఎందుకంత తేడా?

రాత్రి ఇంట్లోకి దూరినవాడి చేతిలో ఏముందో, వాడు ఒక్కడో నలుగురో, దొంగతనానికి వచ్చాడో గొంతు కోయడానికి వచ్చాడో నిద్రలోంచి లేచిన మనిషికి తెలియదు. సాయానికి పిలిస్తే వచ్చేవాళ్లూ తక్కువ. అందుకే చట్టం ఆ అనుమానాన్ని ఇంటివాళ్ల వైపు తిప్పింది.

అయితే రాత్రి వచ్చినంత మాత్రాన సరిపోదు, అది హౌస్ బ్రేకింగ్ అయి ఉండాలి. సెక్షన్ 330 దీన్ని వివరిస్తుంది. గోడకు కన్నం వేసినా, గోడ ఎక్కి దూకినా, మనుషులు వచ్చిపోయేందుకు కాని దారిలోంచి దూరినా, తాళం తీసినా, మూసి ఉన్నదాన్ని తెరుచుకుని వచ్చినా, దౌర్జన్యం చేసి లోపలికి జొరబడినా హౌస్ బ్రేకింగే. పగలగొట్టే చప్పుడు కూడా అక్కర్లేదు. తలుపు కన్నంలోంచి తీగ పెట్టి గడియ పైకి లేపి లోపలికి వచ్చాడనుకోండి, అదీ ఇదే. మీరు పోగొట్టుకున్న తాళంచెవి వాడికి దొరికి, దాంతో తాపీగా తలుపు తీసుకుని వచ్చినా ఇదే. ఈ రెండూ నేను కల్పించినవి కావు, చట్టంలోనే ఉదాహరణలుగా ఉన్నాయి.

తలుపు వేయడం మరిచిపోయాం. ఆ రాత్రి దొంగ నేరుగా నడిచి వచ్చాడు. అప్పుడు?

అది అక్రమ ప్రవేశమే గానీ, ఒక్క ఆ కారణంతో హౌస్ బ్రేకింగ్ కాకపోవచ్చు. దొంగను అడ్డుకునే హక్కు అలాగే ఉంటుంది. ప్రాణం తీసేదాకా వెళ్లిందంటే మాత్రం, చావో తీవ్ర గాయమో జరుగుతుందని ఎందుకు భయపడ్డారో విడిగా చూపించాల్సి వస్తుంది.

అయితే రాత్రి తాళం పగలగొట్టి వచ్చిన ప్రతివాడినీ చంపేయవచ్చన్నమాట?

కాదు. సోషల్ మీడియాలో తిరిగే మెసేజ్‌లు ఈ సగం దగ్గరే ఆగిపోతాయి. సెక్షన్ 41 మొదట్లోనే, 37లో ఉన్న ఆంక్షలకు లోబడి అని ఉంటుంది. అంటే రాత్రి హౌస్ బ్రేకింగ్ అయినా అవసరానికి మించిన హాని చేయకూడదు. బీరువా ముందు కూర్చుని దొరికిపోయి చేతులు పైకెత్తి వణుకుతున్న కుర్రాడిని గొడ్డలితో నరికి, సెక్షన్ 41 ఉంది కదా అంటే ఏ జడ్జీ వినడు.

దొంగ పారిపోతుంటే వెంటపడి కొట్టవచ్చా?

వెంటపడవచ్చు. సామానుతో పారిపోతుంటే కచ్చితంగా. దొంగతనం విషయంలో హక్కు ఎప్పటిదాకా ఉంటుందో సెక్షన్ 43 చెబుతుంది. వాడు సొమ్ముతో పూర్తిగా తప్పించుకుపోయేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా, లేదా సొమ్ము తిరిగి మీ చేతికి వచ్చేదాకా. ఈ లోపు వాడిని కింద పడేయడానికి, సంచి లాక్కోవడానికి ఎంత బలం కావాలో అంత వాడవచ్చు.

నగల సంచి పారేసి ఉత్త చేతులతో గోడ దూకి పరుగెడుతున్నాడంటే కథ మారిపోయింది. మీ సొమ్ము దక్కింది, మీ మీద దాడి లేదు. రాత్రి హౌస్ బ్రేకింగ్ ఇచ్చే ప్రత్యేక రక్షణ కూడా వాడు ఇంట్లో ఉన్నంతవరకే. 1962లో జై దేవ్ వర్సెస్ పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే వచ్చింది. అది పొలం తగాదా. ఎదుటి పక్షం వెనుదిరిగి పారిపోతుండగా తుపాకీతో కాల్చారు. మొదట ఆత్మరక్షణ హక్కు ఉన్నా, భయానికి కారణం పోయాక ఇక హక్కు లేదని కోర్టు తేల్చింది. వీపు మీద తగిలిన గాయం కోర్టులో చాలా మాట్లాడుతుంది. పోస్ట్‌మార్టం రిపోర్టులో దెబ్బలు ముందు వైపు ఉన్నాయా వెనక వైపు ఉన్నాయా అన్నది లాయర్లిద్దరూ మొదట చూసేది అందుకే.

దొంగను పట్టుకున్నాం. తర్వాత ఏం చేయాలి?

కట్టేయవచ్చు. పారిపోకుండా, మీ మీద పడకుండా కట్టేయడం తప్పు కాదు. కళ్లెదుట నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేసినవాడిని మామూలు పౌరుడు కూడా అరెస్టు చేయవచ్చని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 చెబుతుంది. కానీ అనవసర జాప్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటలలోపు, పోలీసులకు అప్పగించాలి. ఆరు గంటలు టైమ్ ఉంది కదా అని కూర్చోవడానికి కాదు ఆ గడువు.

అసలు చిక్కంతా ఈ మధ్య సమయంలోనే వస్తుంది. చొరబడినవాడిని అడ్డుకోవడంలో కొట్టిన దెబ్బలకంటే, దొరికిన దొంగను స్తంభానికి కట్టేసి కాలనీ అంతా తలో చెయ్యి వేసిన దెబ్బలే ఇంటి యజమానులను జైలుకు పంపుతాయి. పేపర్లో దేహశుద్ధి అని రాస్తారు, చదివి నవ్వుకుంటాం. చట్టం దృష్టిలో అది దాడి. ఎముక విరిగితే తీవ్ర గాయం కేసు, మనిషి పోతే హత్య కేసు దాకా వెళ్తుంది. కొట్టినవాళ్లలో ఎవరి దెబ్బకు పోయాడో తేలకపోయినా ఉమ్మడి ఉద్దేశంతో చేశారని అందరినీ కలిపి నిందితులుగా పెడతారు. ఎవరో తీసిన సెల్‌ఫోన్ వీడియోయే సాక్ష్యం. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో ఒకడిని కొట్టి చంపితే సెక్షన్ 103(2) ఉంది. దాని కింద మరణశిక్ష లేదా జీవిత ఖైదు పడుతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీని దొంగ అనుకుని గుంపుగా కొట్టేవాళ్లు ఈ సెక్షన్ సంగతి తెలుసుకోవాలి.

కట్టేశాక మంచినీళ్లు ఇవ్వండి. నెత్తురు కారుతుంటే 108కి ఫోన్ చేయండి. దొంగ మీద జాలితో కాకపోయినా మీ మంచికోసం చేయండి.

పోలీసులకు ఫోన్ చేసే టైమ్ ఉన్నా చేయకుండా నేనే దిగితే?

ఇబ్బందే. ప్రభుత్వ రక్షణ కోరే సమయం ఉన్నప్పుడు ఈ హక్కు లేదని సెక్షన్ 37 అంటుంది. రేపు రాత్రి ఫలానావాళ్లు వస్తారని ముందే తెలిసి, పోలీసులకు చెప్పకుండా పది మందిని కర్రలతో సిద్ధంగా ఉంచితే అది ఆత్మరక్షణ కాదు, కొట్లాటకు ఏర్పాటు. తలుపు పగులుతున్న చప్పుడు వింటూ 112కి ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా ఆగమని దొంగను అడగాలని మాత్రం ఎవరూ చెప్పరు. వాస్తవంగా సాయం అందే అవకాశం ఉందా లేదా అన్నదే చూస్తారు.

నా ఇంట్లోంచి నేనే పారిపోవాలా?

అక్కర్లేదు. పిరికివాడిలా పరుగెత్తమని చట్టం చెప్పదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు అంది. కానీ చట్టం సంగతి పక్కన పెట్టి చెప్పాలంటే, పిల్లలతో సహా ఒక గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఫోన్ చేయగలిగితే అదే తెలివైన పని. బీరువాలో బంగారం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

దొంగలు రాకుండా గేటుకో కంచెకో కరెంటు పెట్టుకోవచ్చా?

ఇంటి కరెంటు నేరుగా కలిపారంటే నూటికి నూరుపాళ్లు తప్పు. దీనిపై సుప్రీంకోర్టు 1963లోనే చెరుబిన్ గ్రెగరీ వర్సెస్ బిహార్ కేసులో తీర్పు చెప్పింది. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో వాళ్లు ఇతని మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. వద్దని చెప్పినా మానలేదు. ఇతను దారిలో రాగి తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. పొరుగింటి మహిళ తగిలి చనిపోయింది. నా స్థలంలోకి అక్రమంగా వచ్చింది కాబట్టి నాకు హక్కు ఉందన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. అక్రమంగా అడుగుపెట్టినంత మాత్రాన ఆ మనిషి చట్టం రక్షణ లేని మనిషి అయిపోదని చెప్పి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద శిక్షను ఖాయం చేసింది. అప్పట్లో ఆ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు, ఇప్పుడు బీఎన్ఎస్ సెక్షన్ 106 కింద ఐదేళ్లు. మనిషి చస్తాడని తెలిసే పెట్టారని రుజువైతే ఇంకా పెద్ద సెక్షనే పడుతుంది.

కారణం కూడా సూటిగానే ఉంది. ఆత్మరక్షణ అంటే ఎదురుగా ఉన్న ప్రమాదాన్ని చూసి స్పందించడం. తీగకు కళ్లుండవు. దొంగ వచ్చాడా, బంతి కోసం గోడ దూకిన పిల్లాడు వచ్చాడా, నిప్పంటుకుంటే ఆర్పడానికి వచ్చిన ఫైర్ సిబ్బంది వచ్చారా దానికి తెలియదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక పాత ఖాళీ ఇంటి గది తలుపుకు యజమాని తుపాకీ అమర్చాడు. పాత సీసాలు దొంగిలించడానికి వెళ్లినవాడి కాలు ఛిద్రమైంది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ దొంగకే 30 వేల డాలర్లు కట్టాలన్న తీర్పును నిలబెట్టింది.

అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగలు పెట్టేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

గోడ మీద గాజు పెంకులు, మేకులు? కుక్క?

పైకి కనిపించేలా, ఎక్కబోతే గాయమవుతుందని తెలిసేలా ఉన్నవి మామూలు జాగ్రత్తలే. దాచిపెట్టినవాటితోనే గొడవ. కుక్క ఉంటే గేటుకు బోర్డు పెట్టండి. వీధిలో వెళ్లేవాళ్ల మీదకు ఉసిగొల్పితే అది వేరే కేసు.

దొంగ అనుకుని కొట్టాను. తీరా చూస్తే మా చుట్టం.

ఈ పరిస్థితి కూడా చట్టంలోనే ఉదాహరణగా ఉంది, సెక్షన్ 36 కింద. ఆ ఇంట్లోకి వచ్చే హక్కున్న మనిషే రాత్రిపూట వచ్చాడు. లోపలున్నవాడు నిజంగానే దొంగ అనుకుని కొట్టాడు. కొట్టినవాడిది నేరం కాదు. తమాషా ఏమిటంటే, వచ్చినవాడు తనను తాను కాపాడుకోవడానికి తిరిగి కొట్టినా అదీ నేరం కాదు. కానీ పొరపాటు నిజాయితీగా జరిగిందని నమ్మించాలి. ఎవరది అని ఒక్క కేక వేశారా, లైటు వేసే వీలుండీ వేయలేదా అని అడుగుతారు.

తాగి దారి తప్పి మా ఫ్లాట్‌లోకి వచ్చినవాడి మీద? మతి స్థిమితం లేనివాడి మీద?

వాళ్లు చేసేది వాళ్ల స్థితి వల్ల నేరం కాకపోయినా, మీకు ఆత్మరక్షణ హక్కు మామూలుగానే ఉంటుందని అదే సెక్షన్ 36 చెబుతుంది. చిన్న పిల్లలు, అవగాహన లేని వయసువాళ్ల విషయంలోనూ అంతే. కాకపోతే ఎంత బలం అవసరమన్న లెక్క బాగా తగ్గిపోతుంది. నిలబడలేక తూలుతున్నవాడిని బయటికి నెట్టి తలుపేసుకుంటే సరిపోయేచోట రాడ్డు ఎందుకు తీశారని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

అర్ధరాత్రి పోలీసులమంటూ వస్తే?

నిజం పోలీసులైతే, వాళ్లు సద్భావంతో డ్యూటీ చేస్తుంటే, కాగితాల్లో చిన్న లోపం ఉన్నా వాళ్ల మీద ఈ హక్కు చెల్లదు. ప్రాణం మీదకో, తీవ్ర గాయం దాకానో తెస్తే తప్ప. అయితే వాళ్లు పోలీసులని మీకు తెలియక, అలా నమ్మేందుకు కారణం కూడా లేకపోతే మీ హక్కు పోదు. పోలీసు వేషంలో వచ్చి దోచుకున్న ఘటనలు ఉన్నాయి కాబట్టి, తలుపు తీయకుండానే గుర్తింపు కార్డు చూపించమని అడగడం, 112కి ఫోన్ చేసి కనుక్కోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయడం లేదు. ఇల్లు నాదే కదా, బలవంతంగా గెంటేయవచ్చా?

కుదరదు. వాళ్లు చొరబాటుదారులు కాదు, మీరు ఇచ్చిన తాళంతోనే వచ్చారు. గడువు దాటినా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. మీ మనుషులు సామాన్లు రోడ్డు మీద పడేస్తే ఆత్మరక్షణ హక్కు వాళ్లకు వస్తుంది, మీకు కాదు. ఖాళీ స్థలం కబ్జా కూడా అంతే. గోడ కడుతుండగా చూస్తే అడ్డుకోవచ్చు. వాడు అక్కడ స్థిరపడ్డాక మాత్రం బలంతో తీయించకూడదని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది.

ఇంట్లో కర్ర, కత్తి, పెప్పర్ స్ప్రే, తుపాకీ పెట్టుకోవచ్చా?

కర్రకు, వంటింటి కత్తికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తుపాకీకి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ ఉన్నంత మాత్రాన కాల్చే హక్కు పెరగదు, కర్రకు వర్తించే కొలతే తుపాకీకీ వర్తిస్తుంది. పెప్పర్ స్ప్రే ఆత్మరక్షణకు పనికొస్తుంది. అవసరం లేనిచోట వాడితే మాత్రం అదీ ఆయుధమే. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక గొడవలో దాన్ని ప్రమాదకర ఆయుధంగానే చూసి, కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

అమెరికాలో అయితే ఇంట్లోకి వస్తే కాల్చేయవచ్చట కదా?

అక్కడ రాష్ట్రానికో రూలు. చాలా రాష్ట్రాల్లో ఇంట్లోకి దౌర్జన్యంగా చొరబడినవాడి వల్ల ప్రాణాపాయం ఉందని చట్టమే ఊహించుకుంటుంది. ఇంగ్లండ్‌లో 1999లో నార్ఫోక్‌లో ఒక రైతు, తన ఇంట్లోకి దూరిన ఇద్దరి మీద కాల్పులు జరిపితే 16 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. రైతుకు హత్యా నేరం కింద శిక్ష పడింది, తర్వాత అప్పీల్లో తగ్గింది. అక్కడ పెద్ద చర్చే నడిచింది. 2013లో వచ్చిన చట్టంతో ఇంటివాళ్లకు కొంత వెసులుబాటు దొరికింది, మరీ ఘోరంగా హద్దు మీరితే తప్ప తప్పు పట్టరు. ఇవేవీ మన కోర్టులో పనికిరావు. అమెరికా వీడియోలు చూసి ఇక్కడ ధైర్యం తెచ్చుకోకండి.

హద్దు దాటితే శిక్ష ఎంత?

గాయం వరకే అయితే గాయానికి తగ్గ సెక్షన్. ప్రాణం పోతే రెండు రకాలు. మొదట హక్కు నిజంగా ఉండి, సద్భావంతో కాపాడుకుంటూ, అవసరాన్ని మించి హాని చేయాలన్న ఉద్దేశం లేకుండా హద్దు దాటారనుకుందాం. అప్పుడది హత్య కాదు, హత్య కిందికి రాని నరహత్య. సెక్షన్ 101లో ఈ మినహాయింపు ఉంది. శిక్ష సెక్షన్ 105 కింద పడుతుంది. హక్కే లేకుండా పగతో చంపితే సెక్షన్ 103, అంటే హత్య.

ఆత్మరక్షణ అని నేనే నిరూపించుకోవాలా?

పాత సాక్ష్యాల చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 108 ప్రకారం ఆ భారం మీదే. అయితే ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు. మీరు చెప్పినట్టే జరిగి ఉండే అవకాశం ఎక్కువ అనిపిస్తే చాలు. మీరు సాక్షులను తేకపోయినా, ప్రాసిక్యూషన్ సాక్షుల మాటల్లోంచే అది బయటపడినా కోర్టు తీసుకుంటుంది. 1967లో మున్షీ రామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది.

జరగాల్సింది జరిగిపోయింది. మొదటి గంటలో ఏం చేయాలి?

112కి మీరే ముందు ఫోన్ చేయండి. కాల్ రికార్డులో ఆ టైమ్ ఉండిపోతుంది. గాయపడినవాడికి అంబులెన్స్ పిలవండి. నెత్తురు కడగకండి, పగిలిన తాళం, వాడి స్క్రూడ్రైవర్, మీ కర్ర ఎక్కడివక్కడే ఉంచండి. ఇల్లు నీట్‌గా సర్దేసి పోలీసులను పిలిచిన కుటుంబాలు ఉన్నాయి, మర్యాద కోసం చేసిన ఆ పనే సాక్ష్యం చెరిపేశారన్న అనుమానానికి దారి తీస్తుంది. సీసీ కెమెరా ఉంటే ఫుటేజ్ వెంటనే కాపీ చేసుకోండి, చాలా డీవీఆర్‌లలో కొన్నాళ్లకు పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది.

మీకు తగిలిన దెబ్బలు చిన్నవైనా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని గాయాల సర్టిఫికెట్ తీసుకోండి. మోచేతి మీద గీత, మెడ మీద గోటి గాటు కూడా రాయించండి. వాడు మీ మీదకు వచ్చాడనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. జరిగింది జరిగినట్టే చెప్పండి. నేను కొట్టలేదు, వాడే జారిపడ్డాడు అని మొదట చెప్పి, తర్వాత ఆత్మరక్షణ అంటే రెండోమాటను ఎవరూ నమ్మరు. లాయరును పిలిపించుకున్నాకే వివరంగా వాంగ్మూలం ఇవ్వండి.

దొంగ నా మీద ఎదురు కేసు పెట్టగలడా?

పెట్టగలడు, వాడు పోతే వాడి ఇంటివాళ్లూ పెట్టగలరు. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే పోలీసులు ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే, మనిషి చనిపోతే మిమ్మల్ని అరెస్టు చేసే అవకాశమూ ఉంది. ఎఫ్ఐఆర్‌లో పేరుంటే నేరస్థుడైపోయినట్టు కాదు. రెండు కేసులనూ వీలైనంతవరకు కలిపి దర్యాప్తు చేయిస్తారు. మీ ఫిర్యాదు కూడా అదే రోజు, వీలైతే అదే గంటలో, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.